గుట్టకు పోతే పనుండేది

మే నెల వచ్చిందంటే చాలు, మా రామకృష్ణాపూర్‌లో ఇప్పుడు ఒకటే పలకరింపు. "ఈసారి ఎటు ప్లాన్ చేసిన్రు?" సూపర్‌బజార్ దగ్గర వంకాయలు ఏరుకుంటున్నా ఇదే, ఏరియా ఆస్పత్రిలో బీపీ గోళీల కోసం లైన్లో నిలబడ్డా ఇదే. ఒకడు మనాలి అంటాడు, ఇంకొకడు కొడైకెనాల్ అంటాడు. మొన్న మొన్న కొలువులో చేరిన పిల్లగాడు "కశ్మీర్ కాకా, ఫ్లైట్‌ల పోతున్నం" అంటాడు. ఎటూ లేదు, ఇంట్లోనే ఉంటానంటే నన్ను ఎగాదిగా చూసి "పానం మంచిగనే ఉన్నదా?" అని అడుగుతున్నారు. ఎండాకాలం ఇంటి పట్టున ఉండడం కూడా రోగం కింద జమ అయిపోయింది.

మా రోజుల్లో ఎండాకాలానికి ప్లాన్లు లేవు. ఎండ ఉండేది, మేము ఉండేవాళ్ళం. గోదావరి అవతల రామగుండం, ఇవతల మేము. ఎండ 45 డిగ్రీలు దాటిందంటే పేపర్లవాళ్ళకు వార్త గానీ మాకు కాదు. నేల కింద బొగ్గు, నేల మీద బొగ్గు కుప్పలు, గాలిలో బొగ్గు నలగ్గొట్టే సీహెచ్‌పీ దుమ్ము. ఇప్పుడు ఓపెన్‌కాస్టుల్లో పనిచేసేవాళ్ళకు వేసవిలో మజ్జిగ ప్యాకెట్లు పంచుతున్నారు, మంచిదే. మేము బొగ్గుబాయి దిగినవాళ్ళం. లోపల ఎండాకాలమని, వానాకాలమని వేరేగా ఉండదు. ఏడాది పొడుగునా అదే ఉక్క, అదే చెమట. టబ్బులను తాడుతో లాగే హాలర్ ముందు కూర్చుని, బెల్లు ఎన్నిసార్లు మోగిందో చెవులు రిక్కించి వింటూ షిఫ్టు గడిపినవాడికి పైకి రాగానే ఎండైనా ముద్దొచ్చేది. లైటు అప్పజెప్పి బయట అడుగు పెడితే ఆ వెలుతురుకు కళ్ళు మూసుకుపోయేవి. పొద్దంతా దాని కోసమే కదా కాచుకున్నది! అట్లాంటివాణ్ణి పట్టుకుని ఎండ తప్పించుకోవడానికి ఎటు పోతున్నావని అడిగితే ఏం చెప్పాలి?

మా వేసవి విడిది క్వార్టరు ముందరే ఉండేది. పొద్దు గూకంగనే బకెట్లతో నీళ్ళు చల్లడం మొదలు. మొదటి చల్లుడుకు నేల బుస్సుమని ఆవిరి కక్కేది. రెండో చల్లుడుకు మట్టి వాసన లేచేది. మూడో చల్లుడు అయితే గానీ వట్టి కాలు పెట్టనిచ్చేది కాదు. అప్పటికే సందు పొడుగునా బొగ్గుపొయ్యిలు బయట పెట్టి ముట్టించి ఉండేవాళ్ళు. కంపెనీ బొగ్గు, కొరత లేదు. పొయ్యి ఎర్రబడేదాకా పొగ. కాలనీ అంతా నడుమెత్తున ఆ పొగ పరుచుకునేది. పిల్లలు అందులో దాగుడుమూతలు ఆడేవాళ్ళు. నిప్పులు కణకణలాడినంక పొయ్యి లోపలికి పోయేది, మంచాలు బయటికి వచ్చేవి. నులక మంచం, నవారు మంచం, ఏదీ లేనివాడికి చాప. ఈ ఇంటి మంచం ఎక్కడ ఆగిందో, పక్కింటి మంచం ఎక్కడ మొదలైందో ఎవరికీ పట్టేది కాదు.

అంబలి గిలాసలు చేతులు మారేవి. ఎవరి దగ్గరో ట్రాన్సిస్టర్ మోగేది. రాత్రి పదిన్నర దాటంగనే నైట్‌షిఫ్టు వాళ్ళు ఆ మంచాల మీది నుంచే లేచి, బూట్లు తొడుక్కుని, సద్దిగిన్నె పట్టుకుని బాయి దారి పట్టేవాళ్ళు. పోయేవాడు తన పిల్లలను లేపకుండా, దుప్పటి సరిచేసి మరీ పోయేవాడు. లోపల పై కప్పు చూసి చూసి వచ్చినవాళ్ళకు నెత్తి మీద ఆకాశం ఉన్నదంటే దానికి మించిన టూరు ఏముంటుంది?

ఇప్పుడు ఇంటింటికీ కూలర్. చాలా ఇళ్ళల్లో ఏసీ. సాయంత్రం ఏడింటికి తలుపులన్నీ బంద్. సందులో నడుస్తుంటే మనుషుల మాట వినపడదు, మెషీన్ల రొద వినపడుతుంది. ఇళ్ళల్లో అంత చల్లగా కూర్చుని, మళ్ళీ చల్లదనం కోసం వెయ్యి కిలోమీటర్లు పోవడం ఏమిటో నాకైతే బుర్రకెక్కదు.

తిరగడానికి కంపెనీ డబ్బులివ్వలేదా అంటే, ఇచ్చింది. వేజ్‌బోర్డు ఒప్పందాల్లో ఎల్‌టీసీ, ఎల్‌ఎల్‌టీసీ అని రెండు ఉండేవి, ఇప్పటికీ ఉన్నాయి. నాలుగేళ్ళ బ్లాకులో ఒకటి సొంతూరికి, ఒకటి దేశం చూడడానికి. మాకు దేశం అంటే తిరుపతి. ఆ గుట్ట ఎక్కి, గుండు చేయించుకుని, లడ్డు పట్టుకుని వస్తే దేశం చూసినట్టే లెక్క. కొంచెం ధైర్యం ఉన్నవాళ్ళు పదిహేను ఇరవై ఇండ్లవాళ్ళు కలిసి బస్సు మాట్లాడుకుని కంచి, రామేశ్వరం, కన్యాకుమారి చూసి వచ్చేవాళ్ళు. బస్సు టాపు మీద బియ్యం బస్తాలు, గంజులు, కట్టెలు. లోపల జంతికలు, సర్వపిండి, తొక్కు జాడీలు. ఎక్కడ నీళ్ళ నల్లా కనపడితే అక్కడ బస్సు ఆగేది. మగవాళ్ళు పొయ్యి రాళ్ళు పెట్టేవాళ్ళు, ఆడవాళ్ళు కూరగాయలు కోసేవాళ్ళు, ఒక గంటలో బువ్వ సిద్ధం.

1989లో గీతాంజలి సినిమా వచ్చింది, అందులో ఊటీ చూశారు మావాళ్ళు. ఇగ చూడు, ఆ తర్వాత బయల్దేరిన ప్రతి బస్సూ తిరుగు దారిలో ఊటీ ఎక్కవలసిందే. సినిమాలో మంచు చూశారు గానీ చలి చూడలేదు. స్వెట్టర్లు ఎవరికున్నాయి? తెలివిగల వాళ్ళు గొంగళ్ళు పట్టుకొచ్చారు. ఊటీ చెరువు పక్కన, ఖరీదైన కోట్లు వేసుకున్న జనం మధ్య, మా బొగ్గుబాయి బ్యాచి నల్ల గొంగళ్ళు కప్పుకుని ఉప్మా తింటూ నిలబడ్డది. ఎవరో దొరసాని ఫోటో తీసింది కూడా. గొర్రెల కాపరులమనుకుందో ఏమో.

నా ఫిర్యాదు ఊటీ మీద కాదు. అసలు గుట్టకు ఎందుకు పోతున్నాం అన్నదాని మీద. మా రోజుల్లో గుట్టకు పోతే పనుండేది. మొక్కు ఉండేది, చుట్టరికం ఉండేది, ఆకు ఉండేది, పువ్వు ఉండేది. ఆ ఊటీ బస్సులు మొదలయ్యేదాకా ఉత్తగా చూసి రావడానికి పోయినవాణ్ణి నేను చూడలేదు.

మా మేనమామది కెరమెరి ఘాటు కింద పల్లె. బడులకు సెలవులివ్వంగనే మమ్మల్ని బస్సెక్కించేవాళ్ళు. మందమర్రి, బెల్లంపల్లి దాటి ఆసిఫాబాద్‌లో దిగి ఇంకో బస్సు పట్టాలి. ఆ బస్సు దొరికిన రోజు అదృష్టం, దొరకని రోజు బస్టాండులోనే నిద్ర. పిల్లలను అమ్మమ్మ ఇంటికి సుఖపడడానికి పంపుతారని ఇప్పటి పిల్లలు అనుకుంటారు. మమ్మల్ని పంపేది పనికి. అప్పటికే ఇప్పపువ్వు చివరికొచ్చి ఉండేది. పువ్వు రాత్రి రాలుతుంది, తెల్లారేసరికి చెట్టు కింద తెల్లగా పరుచుకుని ఉంటుంది. గుడ్డెలుగు రాకముందే ఏరుకోవాలి. దానికి మనకంటే ఇప్పపువ్వు ఇష్టం. మామ ముందు నడుస్తూ డబ్బా కొట్టేవాడు, మేము వెనక బుట్టలతో. ఇప్పుడు ఉట్నూరులో ఆదివాసీ ఆడవాళ్ళు ఆ పువ్వుతో లడ్డూలు చేసి అమ్ముతున్నారు. తిన్నాను, బాగున్నాయి. డబ్బా కొట్టిన రోజులు నాలుక మీదికి రాలేదు గానీ, బాగున్నాయి.

ఇప్పపువ్వు అయిపోంగనే తునికాకు. ఇదీ మా అసలు సమ్మర్ ఈవెంటు, ఇప్పటోళ్ళ భాషలో. ఫిబ్రవరి, మార్చిలో తునికి కొమ్మలు కొట్టి పెడితే ఎండలు ముదిరేసరికి కొత్త చిగురు వేస్తుంది. ఆ లేత ఆకే బీడీకి కావాలి. ముదిరిన ఆకు చుడితే విరుగుతుంది, మరీ లేతది ఎండితే ముడుచుకుపోతుంది. అరచేయంత వెడల్పు, మచ్చ లేనిది, పురుగు కొట్టనిది. నాలుగింటికి లేచి, చీకట్లోనే గుట్ట ఎక్కి, ఎండ మీద పడకముందే మూట కట్టుకుని దిగాలి. పన్నెండు కల్లా ఇంటికి. అప్పుడు చెట్టు కింద ఊరంతా కూర్చుని కట్టలు కట్టడం. కట్టకు యాభై ఆకులు. ఈనెలన్నీ ఒక వైపు, కొనలన్నీ ఒక వైపు పెట్టి నారతో బిగించాలి. మా అత్త ఆకులు లెక్కపెట్టేది కాదు, బొటనవేలితో అంచు మీద ఒక్కసారి గీసి "రెండు తక్కువున్నయ్‌రా" అనేది. విప్పి లెక్కపెడితే రెండే తక్కువ ఉండేవి.

సాయంత్రం ఆకు కొనే కల్లానికి మోసుకుపోతే కల్లేదారు పుస్తకం పట్టుకుని నిలబడేవాడు. కట్టలు ఇసుక మీద వరసలు వరసలుగా పేర్చాలి. వాడు లెక్క రాసుకుంటాడు. ఆ రేటు మీద ఎంత గొడవ నడిచేదో! 1980లలో కట్ట రేటు పెంచమని ఈ అడవుల్లో పోరాటాలే జరిగాయి. ఆ డబ్బులతోనే బడికి పుస్తకాలు, వానాకాలం గొడుగు. మధ్యలో మాకు దొరికిన లాభం వేరే. తునికి పండ్లు, మొర్రి పండ్లు. తునికి పండు పచ్చగా, గుండ్రంగా ఉంటుంది. బాగా మాగితే తేనె, మాగకుండా కొరికితే నాలుక మొద్దుబారి మాట రాదు. మొర్రి పండు నల్లగా పెసర గింజకు అన్నలా ఉంటుంది, తిని గింజ దాచుకోవాలి. పగలగొడితే సారపప్పు. ఒక సెలవంతా దాచిన గింజలు తెచ్చి అమ్మ చేతిలో పోస్తే పండక్కి పాయసంలోకి వచ్చేవి.

ఇప్పుడు అదే ఘాటు రోడ్డు మీద ఆదివారం వస్తే కార్లు ఆపి సెల్ఫీలు. జోడేఘాట్ అటే కదా, 1940లో కొమురం భీం నేలకొరిగిన చోటు. చూడాలి, పిల్లలకు చూపించాలి, నేను కాదనను. కానీ మొన్న మా కాలనీ పిల్లగాడు అక్కడికి పోయి వచ్చాడు. ఏం చూశావురా అంటే "వ్యూ మస్తుంది కాకా" అన్నాడు. భీం ఎందుకు కొట్లాడిండో చెప్పురా అంటే ఫోను తీసి వెతకబోయాడు. జోడేఘాట్ దాకా పోయి అక్కడి సంగతి ఇంటికొచ్చి వెతుక్కునేవాణ్ణి ఏమనాలి?

ఇంకొకరు నడి మే నెలలో కుంటాలకు పోయారు. నేరడిగొండ దగ్గర జలపాతం, ఫోటోలో చూశారట. ఆ ఫోటో వానాకాలంది. కుంటాల దుంకేది కడెం వాగు మీద. వానలు పడి వాగు నిండితేనే దుంకుడు. ఎండల్లో అక్కడ ఉండేది బండలు, బండల సందున కాస్త నీటి ధార. అంత దూరం పోయి బండలు చూసి, "మోసం" అని తిరిగొచ్చారు. మోసం చేసింది ఎవరు? మబ్బులా?

మన పక్కనే గాంధారి గుట్ట ఉంది. బొక్కలగుట్ట దగ్గర, ఆటో ఎక్కితే ఎంతసేపు? గుట్ట మీద పాత కోట. నాయకపోడ్‌ల గాంధారి మైసమ్మ. మాఘమాసంలో జాతర. మా చిన్నప్పుడు జాతరకు కాలినడకన పోయేవాళ్ళం, మొక్కు ఉన్న ఇంట్లో యాటను ముందు నడిపించుకుని. ఎండాకాలమైతే తెల్లారకముందే ఎక్కి, ఎండెక్కకముందే దిగేది. ఆ అడవిలో ఏ చెట్టు వేరు దేనికి పనికొస్తుందో చెప్పే ముసలివాళ్ళు ఉండేవాళ్ళు. మేము చూస్తుంటే ఒకాయన వేరు తవ్వే ముందు చెట్టుకు దండం పెట్టి ఏదో గొణుక్కునేవాడు. ఏమన్నవ్ తాతా అంటే "అడిగి తీసుకోవాలె బిడ్డా" అనేవాడు. ఇప్పుడు అటవీశాఖ ఆ దారిలో గాంధారి వనమని పార్కు పెట్టింది. నడిచేవాళ్ళకు బాగుంది. గుట్ట మీదికి మాత్రం మావాళ్ళు రారు. ఆటో కిరాయికి అయిపోయే గుట్ట గుట్టేనా అని కాబోలు.

ఒక్కటి మాత్రం ఒప్పుకుంటాను, ఎండాకాలంలో కంపెనీ ఆటల సంఘం వాళ్ళు పిల్లలకు సమ్మర్ కోచింగ్ పెడతారు. ఠాగూర్ స్టేడియంలో పొద్దున్నే కబడ్డీ, వాలీబాల్ నేర్పుతుంటే చూడ ముచ్చటేస్తుంది. మా రోజుల్లో మాకు నేర్పినవాడు లేడు, మోకాలి చిప్పలే గురువులు.

ఇగ అసలు సంగతికి వస్తాను. 2024 మేలో మా కొడుకు పట్టు పట్టాడు. హైదరాబాద్‌లో కొలువు వాడిది. "బాపూ, ఎండలకు ఈసారి మీరిద్దరూ మాతోటి రావాలె, ఊటీ పోదాం" అన్నాడు. కారులో. వెయ్యి కిలోమీటర్ల దాకా ఉంటుంది. బస్సుకు పోదాం, రైలుకు పోదాం అంటే వినలేదు. తీరా బయల్దేరే ముందు ఈ-పాస్ అన్నాడు. నీలగిరి కొండ మీదికి కార్లు ఎక్కువైపోయాయని మద్రాసు హైకోర్టు చెప్తే, ఆ మే 7 నుంచే పెట్టారట. పాస్ లేకపోతే కొండ ఎక్కనివ్వరు. బస్సుకు, రైలుకు పోయేవాళ్ళకు ఏ పాసూ అక్కర్లేదు! నేను ముందే చెప్పాను కదా అని ఒక్క మాట అన్నాను. కొడుకు బదులు చెప్పలేదు, కోడలు కిటికీలోంచి బయటికి చూసింది. ఆ మరుసటేడు ఇంకా బిగించారు. నీలగిరికి మామూలు రోజు 6,000 బండ్లు, శని ఆదివారాలు 8,000. అంతకు మించి పంపొద్దన్నారు. ఆలోచించండి, వేల బండ్ల పొగ పట్టుకుపోయి మంచి గాలి పీల్చుకుందామంటే కోర్టు అడ్డం పడక ఏం చేస్తుంది?

బందీపూర్ అడవి రోడ్డు రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా మూస్తారు, జంతువుల కోసం. అది మూయకముందే అందుకోవాలని పరుగు. అటు పిమ్మట కక్కనల్ల చెక్‌పోస్టులో పాస్ చూపించే లైను. అటు పిమ్మట ఘాటు లైను. మా చిన్నతనంలో క్యాతన్‌పల్లి రైలు గేటు పడితే బొగ్గు గూడ్సు పోయేదాకా సైకిళ్ళు పట్టుకుని నిలబడేవాళ్ళం, దానికే ఊరంతా తిట్టుకునేది. ఇక్కడ దానికి డబ్బులిచ్చి మరీ నిలబడ్డాం.

ఎండ వస్తే కొండ ఎక్కడం అసలు దొరల అలవాటు. జాన్ సల్లివన్ అనే కోయంబత్తూరు కలెక్టరు 1819లో ఆ కొండల మీదికి ఎక్కాడు. ఆ తర్వాత మద్రాసు ప్రభుత్వమే ఎండాకాలం వస్తే కాగితాలు మూటగట్టుకుని ఊటీకి మకాం మార్చేది. ప్రజలు కింద మాడుతుంటే పాలన పైన చలి కాచుకునేది. మా బాయి దొరలు పాపం అంత దూరం పోలేదు, బంగళాకు వట్టివేళ్ళ తడకలు కట్టించుకుని, వాటి మీద నీళ్ళు చల్లడానికి ఒక మనిషిని పెట్టుకునేవాళ్ళు. ఆ మనిషి మాత్రం ఎండలోనే ఉండేవాడు.

ఫ్లవర్ షో అన్నారు. బొటానికల్ గార్డెన్‌లో ఏటా మే నెలలో పెడతారు, 1896 నుంచి ఉన్నదట. మంచి పద్ధతి, తోటమాలుల పని నలుగురూ చూస్తారు. మేము పోయిన ఏడు పూలతోనే కొండ రైలు బొమ్మ కట్టారు. ఎంత ఓపిక ఉండాలి! దాని దగ్గర నిలబడి ఒక్కొక్క పువ్వూ ఎట్లా గుచ్చారో చూద్దామనుకున్నాను. వెనక నుంచి "అంకుల్, కొంచెం జరగండి" అని తమిళంలో, కన్నడంలో, మళ్ళీ మన తెలుగులో. అందరికీ నేను అడ్డం. పూలకు వీపు పెట్టి నిలబడితేనే అక్కడ మర్యాద. మనవడు ఫోనులో లిస్టు పెట్టుకున్నాడు, గార్డెన్‌కు గంట, చెరువుకు ముప్పావు గంట, దొడ్డబెట్టకు గంట. "తాతా, టైమ్ అయిపోయింది" అంటాడు. బాయిలో ఓవర్‌మన్ కూడా నన్ను అంత తరమలేదు. కోటగిరిలో కూరగాయల ప్రదర్శన, కూనూరు సిమ్స్ పార్కులో పండ్ల ప్రదర్శన కూడా ఉంటాయని చెప్పారు. లిస్టులో పట్టలేదు.

నేను ఒక్కటే అడిగాను, మేట్టుపాలయం నుంచి ఊటీ దాకా కొండ రైలు ఎక్కించమని. 46 కిలోమీటర్లు, దాదాపు ఐదు గంటలు. ఆ లైను 1899లో కూనూరు దాకా, 1908లో ఊటీ దాకా వేశారు. 2005లో యునెస్కో వాళ్ళు వారసత్వ సంపద కింద రాసుకున్నారు. టికెట్లు ఎప్పుడో అయిపోయాయట. చివరికి ఊటీ నుంచి కూనూరు దాకా దొరికింది, అదీ డీజిల్ ఇంజను. దిగంగనే అందరూ టీ, వర్కీ బిస్కట్ల కోసం పోయారు. నేను ప్లాట్‌ఫారం చివరిదాకా నడిచి పట్టాలు చూశాను.

అక్కడి నుంచి కిందికి, పట్టాల మధ్యలో ఇంకో రెండు ఇనుప కడ్డీలు ఉంటాయి, పైన పళ్ళతో. ఒక కడ్డీ పన్ను ఉన్న చోట రెండోదానికి సందు. ఇంజను కింది పళ్ళ చక్రం వాటిలో పట్టుకుంటూ ఎక్కుతుంది, ఎప్పుడు చూసినా ఏదో ఒక పన్ను పట్టులోనే ఉంటుంది. ఇంజను ముందు ఉండదు, వెనక ఉండి పెట్టెలను పైకి తోస్తుంది. పన్నెండడుగులకు అడుగు ఎక్కుడు. మా బాయి డిప్పుతో చూస్తే చదునే అనాలి. మా దగ్గర నాలుగైదడుగులకే అడుగు దిగుడు, టబ్బులను పట్టి ఉంచేది ఒక్క ఇనుప తాడు. తాడు తెగితే టబ్బులు ఆగవు. కింద ఎవరున్నారో దేవుడికే ఎరుక. ఆ పళ్ళ కడ్డీ ముందు నేను ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. అక్కడి షెడ్డులో పనిచేసే ఒకాయన నన్ను చూసి చేతులతో అడిగాడు, ఏం పని చేసేవాడివని. నేను తాడు చుట్టినట్టు చేతులు తిప్పి చూపించాను. ఆయన నవ్వి లోపలికి రమ్మని ఆవిరి ఇంజను చూపించాడు. బొగ్గు ఎక్కడ పోస్తారని సైగ చేస్తే తల అడ్డంగా ఊపాడు. చాలా ఇంజన్లను నూనెకు మార్చేశారట. బొగ్గుబాయి మనిషినని చెప్పుకుని నూనె వాసన పీల్చి వచ్చాను. అయినా ఆ ప్రయాణం మొత్తం మీద నాకు చేతికి దొరికింది అదొక్కటే. అది మనవడి లిస్టులో లేదు.

ఇంటికొచ్చినంక ఇదంతా గొణుగుతుంటే మా ఇంటామె విని విని ఒక రోజు చాట పక్కన పెట్టి అందుకుంది. "మీ రోజులు, మీ రోజులు అంటవ్. మీరు బయట మంచమేస్కొని సుక్కలు జూస్తూ పండిన్రు. తెల్లారగట్ల నాలుగింటికి లేసి ఆ బొగ్గుపొయ్యి ఊదింది ఎవరు? బస్సుల తిరుపతి పోతె నల్లా కనవడ్డ కాడల్లా వండింది ఎవరు? నేను తిరుమల గుడి జూసిన దానికంటె గంజు అడుగు ఎక్కువ జూసిన. ఊటీల ఆ హోటలోడు పొద్దుగాల ఇడ్లీ పెట్టి, ఇంకోటి ఎయ్యాల్నా అమ్మా అని అడిగిండు. నా పానానికి మొదటిసారి ఎవరో అడిగిన్రు. మల్ల పోదామంటె నేను సిద్ధం."

ఊదింది ఆమే, కాదనడానికి లేదు. కానీ హోటల్లో ఇడ్లీ తినడానికి అంత దూరం పోవాలా? మంచిర్యాలలో లేవా ఇడ్లీలు? ఈ మాట పైకి అనలేదు. ఎందుకంటే ఆ పూట వంట ఆమెదే.

ఈ ఏడు అరకు అంటున్నారు. విశాఖ నుంచి కిరండూల్ పోయే లైను, సొరంగాలు మస్తుగా ఉంటాయట, 2017లో అద్దాల పెట్టె కూడా తగిలించారట. ఆ లైను వేసింది బైలదిల్లా ఇనుప ఖనిజం మోయడానికి. అంటే టూరిస్టుల కోసం కాదు, మనలాంటి గని మనుషుల లైనే. అందుకని నేను కొంచెం మెత్తబడ్డాను. నా షరతులు ముందే చెప్పాను. కారు వద్దు. రవీంద్రఖని స్టేషన్‌లో ప్యాసింజర్ ఎక్కి పోదాం, ఎన్ని బండ్లు మారినా సరే. పోయిన చోట ఒకే ఊళ్ళో ఉందాం. పొద్దున లేచి అక్కడివాళ్ళు ఏం పని చేస్తున్నారో చూద్దాం, కాఫీ తోటల్లో ఏ కాలానికి ఏ పని నడుస్తుందో అడుగుదాం, చేతనైతే మనమూ ఒక చెయ్యి వేద్దాం. ఫోను లిస్టు ఇంట్లోనే పెట్టాలి. మనవడు అన్నిటికీ తల ఊపి, "సరే తాతా, కని టికెట్లు ఫోన్లనే బుక్ చెయ్యాలె" అన్నాడు. అది వాడే చూసుకోవాలి. నాకా ఓటీపీలు అవీ చేతకావు. కిటికీ పక్క సీటు మాత్రం నాది.